ఆరూ నలభై చీటీలు

డెయిరీ సర్వరు చూసుకునే యాస్మిన్ పేరు చెప్పి ఆఫీసంతా మిఠాయి పంచిన మూడో వారానికి ఆ కాగితం వచ్చింది.

నోటుబుక్కులోంచి చింపిన రూళ్ల కాగితం. చేతిరాత ఎవరిదో గానీ మాట మాత్రం కృష్ణమ్మదే. కట్టంగూర్ మండలంలో ఒక ఊరి పాల కేంద్రంలో పదకొండేళ్లుగా బర్రె పాలు పోస్తున్న మనిషి. "నేను పాలల్ల నీళ్లు కలపలే. పదిహేను రోజులల్ల మూడుసార్లు కలిపిన్నని మీ కంప్యూటర్ చీటీ ఇచ్చింది. కార్డు బంద్ చేసిన్రు. కలిపిన్నని చెప్పినోళ్లను నా ముందుకు పిలిపియ్యిర్రి. మొఖం చూసి చెప్పమనుర్రి." కింద సంతకం, దాని పక్కన పిన్ను కొట్టిన మూడు చీటీలు.

నల్లగొండలోని ఆ డెయిరీకి మేనేజరు శివకుమార్. కాగితాన్ని పైకి చదివి నవ్వాడు.

"కంప్యూటర్‌ను పిలిపియ్యాల్నట. నెత్తి మీద పెట్టుకొని తీస్కపోతవా యాస్మిన్?"

"ఏం రాయమంటరు సార్?"

"చెక్ చేసినం, అంతా కరెక్టుగనే ఉన్నదని రాయి."

"చెక్ చెయ్యలే కద."

"చేసే రాయి. పది నిమిషాల పని."

శివకుమార్ చెడ్డవాడేమీ కాదు. ఒక అంకె నచ్చితే దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించే రకం, అంతే. ప్రస్తుతం ఆయన ఊరేగిస్తున్న అంకె ఎనిమిదీ ఇరవై. దాన్ని పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి తన కుర్చీ వెనక గోడకు అంటించుకున్నాడు కూడా. డెయిరీకి అరవై రెండు పాల కేంద్రాలు. పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకు ప్రతి కేంద్రంలో ప్రతి మనిషి పోసే పాలలో వెన్న ఎంతుందో కొలిచి, ఆ అంకెను నల్లగొండ సర్వరుకు పంపితే, సర్వరు దాన్ని రాసుకుని చీటీ పంపుతుంది. మరోపక్క అదే సర్వరు ఏ ట్యాంకరు ఎక్కడికి పోవాలో, ఎన్ని లీటర్లు ఎత్తాలో లెక్కలు కడుతుంది. ఆ లెక్క తేలేవరకు ట్యాంకర్లు కదలవు. మొదట్లో అది తేలేసరికి తొమ్మిదీ పది అయ్యేది. యాస్మిన్ సర్వరు ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొన్ని మార్పులు చేసి ఎనిమిదీ ఇరవైకి తెచ్చింది. మిఠాయి అందుకే.

తన గదికి వెళ్లి చూసింది. గది అంటే ఒక ఏసీ, రెండు నల్లటి పెట్టెలు, ఒక కుర్చీ. సర్వరు శుభ్రంగా ఉంది. నెల రోజుల్లో తప్పు అన్న మాట ఒక్కటీ లేదు. ఒక్కో చీటీకి పట్టిన సేపు సగటున మూడు సెకన్లు. మూడు సెకన్లకు ఎవరి కొంపా మునగదు. జవాబులో రెండు వాక్యాలు టైపు చేసింది. తేదీలు రాయాలి గదా అని ఆ మూడు చీటీలూ చేతిలోకి తీసుకుంది.

తేదీలు వేరువేరు. టైము మాత్రం 6:41, 6:42, 6:41.

ఆ భవనంలో ఇంకెవరు చూసినా వాళ్లకు అది టైమే. యాస్మిన్ మాత్రం మూడు చీటీలనూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఆరూ నలభైకి దాదాపు సగం పాలు లెక్కలోకి వస్తాయి. ట్యాంకర్ల మొదటి విడత లెక్క అప్పుడే మొదలవుతుంది. మొదలవమని చెప్పింది ఆమే.

టైపు చేసిన రెండు వాక్యాలూ చెరిపేసి శివకుమార్ దగ్గరికి వెళ్లింది.

"రేపు పొద్దుగాల ఆ ఊరికి పోయొస్త సార్."

"గా ఒక్క చీటీకా?"

"మూడు చీటీలు సార్."

ఆయన ఆమె వైపు ఒకసారి, గోడ మీద అంకె వైపు ఒకసారి చూసి, "నీ ఇష్టం, పెట్రోలు నీదే," అన్నాడు.

*

మర్నాడు చీకటితోనే స్కూటీ తీసింది. హైవే దిగి బత్తాయి తోటల మధ్య మట్టిరోడ్డు పట్టేసరికి గుట్టల వెనక నుంచి ఎండ అప్పుడే పైకొస్తోంది. ఏప్రిల్ ఎండ, ఆరింటికే వీపు మీద కూర్చుంది.

పాల కేంద్రం ఒక రేకుల గది. దాని ముందు స్టీలు క్యాన్లు, బిందెలు, ప్లాస్టిక్ డబ్బాలు బారుగా నిలబడి ఉన్నాయి. మనుషులు తక్కువ. ఆ ఊళ్లో పద్ధతి అదే. ఐదున్నరకు ఎవరి గిన్నె వాళ్లు లైన్లో పెట్టి ఇంటికి పోతారు. పెండ తీసి, వాకిలి ఊడ్చి, తమ వంతు వచ్చేసరికి వస్తారు. గిన్నెను ఎవరూ ముట్టరు, వరుస ఎవరూ మార్చరు. వాడకట్టులో ఇళ్లు ఏ వరుసలో ఉన్నాయో లైన్లో గిన్నెలు అదే వరుసలో ఉంటాయి, ఈరోజు, రేపు, ఏడాదంతా.

కేంద్రం నడిపే పరశురాములు ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. నలభై ఏళ్ల మనిషి, మోచేతుల దాకా పాల వాసన.

"చెప్పొస్తే చాయ్ తెప్పిస్తుంటి గద మేడం."

"చాయ్ తర్వాత తాగుదం. మీరు రోజు ఎట్ల చేస్తరో గట్లనే చెయ్యిర్రి. నేను లేననుకోర్రి."

అనుకోవడం ఆయన వల్ల కాలేదు గానీ, లైను కదలడం మొదలయ్యాక మరిచిపోయాడు. గరిటెతో క్యాన్ అడుగు నుంచి రెండుసార్లు కలిపి, చిన్న కప్పులోకి పాలు తీసి, మిషన్ గొట్టం కింద పెడతాడు. మిషన్ గుటుకు గుటుకుమంటూ పాలు పీల్చి అర నిమిషానికి అంకె చూపిస్తుంది. కార్డు నంబరు కొట్టి మీట నొక్కుతాడు. నల్లగొండ నుంచి జవాబు వచ్చి చీటీ బయటికి వస్తుంది. చీటీ చించి ఇచ్చి, పాలు పెద్ద క్యాన్‌లో ఒంపి, కప్పు కడిగి, తర్వాతి గిన్నె. చేతులకు తెలిసిన పని. యాస్మిన్ ఫోన్లో సెకన్లు చూస్తూ నిలబడింది. ఒక సెకను. ఒకటిన్నర. ఒకటి. ఆమెకు కాస్త ప్రాణం కుదుటపడింది.

"బేటీ, జర జరుగు. నా డబ్బా నీ కాళ్లకాడ ఉన్నది," అంది ఒక ముసలామె. వజీరా అని పేరు పెట్టి పిలిచాడు పరశురాములు. ఆమెది జెర్సీ ఆవు. మూడు పాయింట్ తొమ్మిది వచ్చింది. పరశురాములు మీట నొక్కాడు.

చీటీ రాలేదు.

యాస్మిన్ ఫోన్లో టైము చూసింది. ఆరూ నలభై ఒకటి. పది సెకన్లు, ఇరవై. పరశురాములు తెర వైపు చూడనైనా చూడలేదు. తర్వాతి క్యాన్ బిక్షమ్మది. ఆమె పాలు కప్పులోకి తీసి మిషన్ కింద పెట్టేశాడు. మిషన్ పీల్చుకుంటూ ఉండగానే బిక్షమ్మ నంబరు కొట్టాడు. ఆమె వెనక వాళ్ల పాలు ఇంకో కప్పులోకి తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన ఇంకొకటి. నలభై నాలుగో సెకనుకు తెర కదిలింది. వజీరా చీటీ వచ్చింది. ఆయన వెంటనే మళ్లీ మీట నొక్కాడు. తెర మీద బిక్షమ్మ నంబరు ఉంది, అంకె మాత్రం ఇంకా వజీరా ఆవుదే; బిక్షమ్మ పాల కొలత మిషన్‌లో ఇంకా పూర్తి కాలేదు.

"రోజు గిట్లనే ఆగుతదా?" అని అడిగింది యాస్మిన్.

"మూడు వారాల సంది మేడం. గీ టైముకు పానం తీస్తది. ఎండెక్కుతది, పాలు పులుస్తయి, అందరు నన్నే తిడ్తరు. అది వచ్చెదాక ఆగుకుంట కూసుంటే తొమ్మిదైనా ఒడువది. అందుకే కప్పులు వరుసకు పెట్టుకుంట, నంబర్లు కొట్టుకుంట పోత."

బిక్షమ్మ చీటీ వచ్చింది. మూడు పాయింట్ తొమ్మిది. పక్కన చుక్క గుర్తు. బర్రె కార్డు మీద ఐదుకు తక్కువ వస్తే నీళ్లు కలిపినట్టే లెక్క, సర్వరు తనంతట తానే చుక్క పెడుతుంది. నెలలో మూడు చుక్కలు పడితే కార్డు బంద్.

బిక్షమ్మ చీటీని రెండు చేతులతో పట్టుకుని చూసింది. లైన్లో ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు.

"పరశురాములూ, నేను నీళ్లు కలిపిన్నా?" నెమ్మదిగా అడిగింది. "నిన్న దాక ఏడు వచ్చింది గదయ్యా."

"నేనేం చేత్త అత్తా, మిషన్ అన్నది."

యాస్మిన్ బల్ల మీది కప్పులు తోసి ముందుకు వెళ్లింది. బిక్షమ్మ క్యాన్ అడుగున ఇంకా కొన్ని పాలు ఉన్నాయి. "ఇవి మళ్ల పెట్టుర్రి," అంది. లైన్లో వాళ్లంతా బల్ల చుట్టూ మూగారు. మిషన్ ఏడు పాయింట్ ఒకటి చూపించింది.

పరశురాములు ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయాడు. జవాబు వచ్చేవరకు తర్వాతి నంబరు కొట్టకూడదని ఆయనకు మొదటి రోజే చెప్పారు. చీటీ ఒక్క సెకనులో వచ్చినన్నాళ్లూ ఆ మాట తప్పలేదు. వెనక యాభై మంది, నెత్తిన ఎండ, ఎదురుగా కదలని తెర. అప్పుడు తప్పాడు. ఒకరి అంకె ఇంకొకరికి, ఆమె అంకె ఆమె వెనక వాళ్లకు జరుగుతూ పోయి, పొద్దున ఏడు గంటలు దాటాక లైను చివర ఒక అంకె మిగిలేది. అది ఎవరిదో తెలియక రోజూ ట్రయల్ అని కొట్టేస్తున్నాడు.

"మొన్నటి దాక వజీరా ఖాలా వెనక ఎవరి క్యాన్ ఉండె?" అని అడిగింది యాస్మిన్, జవాబు తెలిసే.

"కృష్ణమ్మది," అన్నాడు పరశురాములు. కార్డు బంద్ అయ్యాక ఆ జాగాలోకి బిక్షమ్మ జరిగింది.

కృష్ణమ్మ ఇల్లు వాడకట్టు మధ్యలో ఉంది. కొట్టంలో రెండు బర్రెలు, ఒక దూడ. యాభై ఐదేళ్ల మనిషి కొంగు నడుముకు చుట్టుకుని గడ్డి కోస్తోంది. డెయిరీ నుంచి వచ్చానంటే కొడవలి ఆపలేదు, కూర్చోమని కూడా అనలేదు. యాస్మిన్ చూసిందంతా చెప్పింది. చెప్పేంతసేపూ గడ్డి తెగుతూనే ఉంది.

"అంటే నా పాలు మంచియే," అంది చివరికి.

"మంచియే అమ్మా. తప్పు మా దిక్కెల్లి అయింది."

"నాకెరుకే నా పాలు మంచియని. నీకు ఎరుకైంది, గంతే." కొడవలి పక్కన పెట్టింది. "మొన్న మా వాడకట్ల తొట్టెల ఫంక్షన్ అయింది. ఎవరింట్ల ఏం కార్యమైనా పాలు నా ఇంటికెల్లే పోతయి. ఈసారి నా గడప దాటి బిక్షమ్మ ఇంటికి పోయిన్రు. నేను వాకిట్లనే నిలబడ్డ. ఒక్కరు ఇటు చూడలే. పాలు దూడ తాగంగ మిగిలినయి తోడేస్తున్న. ఎవరికి పోస్త? నీళ్ల పాలని పేరు పడె."

యాస్మిన్ తల వంచుకుంది. మొహం చెల్లలేదు.

"మూడు వారాల కింద దాక మంచిగనే ఉండె గద. ఏమైంది మరి?"

ఇక్కడ సర్వర్ ప్రాబ్లం అనేస్తే సరిపోతుంది. ఆ మాట అనడం అలవాటే. ఆమెకు నోరు రాలేదు.

"నేను మార్చిన అమ్మా. ఒక్కొక్కరి పాలు వచ్చినట్టే తీస్కపోయి ట్యాంకర్ల పోస్తే తిరుగుడే సరిపోతది కదా. క్యాన్ నిండినంక ఎత్తితే తిరుగుడు తక్కువ, పని తొందరగ అయితది. సర్వర్ల గట్ల చేసిన. చిన్న చిన్న పనులు ఆపి, పెద్ద పని పట్టుకుంటే అది అయ్యెదాక విడవకుమని చెప్పిన. మొత్తం పని తొందరగ అయింది. ఆపిన చిన్న పని మీ చీటీ."

కృష్ణమ్మ వేళ్లకంటిన గడ్డి దులుపుకుంది. "ముందుగాల పోసినోళ్ల పాలు క్యాన్ నిండెదాక ఆగాలె."

"ఔ."

"ఎవరికోసం ఆపినవ్?"

"ట్యాంకర్ల కోసం."

కృష్ణమ్మ కొడవలి చూరులో దోపింది. గడ్డి మోపు ఎత్తుకుని కొట్టంలోకి పోయింది. తిట్టినా బాగుండేదనుకుంది యాస్మిన్.

*

ఆ మధ్యాహ్నమే మార్చేసింది. పొద్దుటి పాలకూ మాపటి పాలకూ నడుమ పది నుంచి నాలుగు వరకు సర్వరు ఖాళీ. ఏ మార్పు చేసినా ఆ ఆరు గంటల్లోనే. కోపం మీద ఉంది, అదీ తన మీద తనకే. చీటీ అడిగిన వెంటనే సర్వరు చేతిలో ఏ పనున్నా వదిలేసి చీటీ ఇవ్వాలి అని పెట్టింది. డిస్కు మీద రాయాల్సినవి కూడగట్టి ఒకేసారి రాయొద్దంది. ఏ పనికైనా కంటిరెప్ప వేసేంత సేపు మాత్రమే ఇచ్చింది. మూడు వారాల కింద చేసిందాన్ని తిరగేయడమే కాదు, అటు చివరి దాకా తోసేసింది.

బుధవారం పొద్దున అరవై రెండు కేంద్రాల్లోనూ చీటీ అర సెకనుకు వచ్చింది. యాస్మిన్ తెర ముందు కూర్చుని ఒక్కో అంకె చూసి మురిసిపోయింది. ఆ మురిపెం ఎనిమిదిన్నర వరకే. సర్వరు ప్రతి చీటీకి పరుగెత్తి వెళ్లి, తిరిగొచ్చి, వదిలేసిన లెక్క ఎక్కడుందో వెతుక్కుని, అందుకునేలోపే మళ్లీ పరుగెత్తుతోంది. అంతా ఉరుకులాటే, పని మాత్రం తెమలదు. ఎనిమిదీ ఇరవై పోయింది, పాత తొమ్మిదీ పది కూడా పోయింది. ట్యాంకర్లు డెయిరీ గేటు బయట రోడ్డు మీద బారు కట్టాయి. డ్రైవర్లు దిగి బీడీలు ముట్టించారు. లెక్క తేలేసరికి పది కావొచ్చింది.

పదిన్నరకు కేతేపల్లి కేంద్రం నుంచి ఫోను. ట్యాంకరు రాక, అక్కడి చల్లబరిచే ట్యాంకు నిండిపోయి, పద్నాలుగు క్యాన్లు ఎండలో ఉండిపోయాయి. పాలు విరిగాయి.

శివకుమార్ అరవలేదు. అరిస్తే తేలికగా ఉండేది. "నీ కృష్ణమ్మ కోసం కేతేపల్లోళ్ల పాలు మోరీల పోసినం," అన్నాడు. "గా పాలు పోసినోళ్లు కాయితం రాస్తే, గది కూడ నువ్వే తీస్కపో."

యాస్మిన్ కేతేపల్లి పేరు నోటుబుక్కులో రాసుకుంది. ఆయన మాట్లాడింది అన్యాయమూ కాదు. తను చేసిన అన్యాయాన్ని కట్టంగూర్ నుంచి ఎత్తి కేతేపల్లిలో దించింది, అంతే.

"నాకు రెండు మధ్యాహ్నాలు ఇయ్యిర్రి సార్."

"మళ్ల ఎనిమిదీ ఇరవై వస్తదా?"

"తెల్వదు."

ఆ రెండు మధ్యాహ్నాలూ ఆమె గది వదిలి రాలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా బుధవారం విప్పనే లేదు, గురువారం సగం తిన్నది. ఒకే మనిషితో అటు చీటీలు, ఇటు మోపులు మోయిస్తే రెండూ పాడవుతాయి. సర్వరులో ఎనిమిది కోర్లు ఉన్నాయి. ఎనిమిది జతల చేతులనుకోవచ్చు. రెండు జతలను చీటీలకే కట్టేసింది, వేరే పని ముట్టొద్దని. మిగిలిన ఆరింటికి ట్యాంకర్ల లెక్క ఇచ్చి, వాటికి మాత్రం ఎక్కువ సేపు తెంపు లేకుండా పని చేసుకోనిచ్చింది. అసలు చిక్కు డిస్కు దగ్గర. అది ఒక్కటే, రెండు వైపుల వాళ్లూ దాని గుమ్మంలోనే నిలబడాలి. లెక్కల రాతను ఒకేసారి గంపగుత్తగా కుమ్మరించకుండా చిన్న చిన్న మోపులుగా పంపి, మోపుకూ మోపుకూ నడుమ చీటీలకు దారి వదిలింది. మోపు ఎంత ఉండాలన్న దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. పెద్దదైతే చీటీ ఆగుతుంది, చిన్నదైతే లెక్క ఆగుతుంది. పాత పొద్దుటి పాల లెక్కలన్నీ సర్వరు మీదికి మళ్లీ తోలి, పదిహేడు సార్లు కొలిచింది.

ఇంకొక పని కూడా చేసింది. రోజూ రిపోర్టులో వచ్చే సగటును తీసేసింది. నాలుగు వందల మందికి ఒక్క సెకనులో చీటీ వచ్చి, ఇరవై మంది ముప్పావు నిమిషం నిలబడినా సగటు మూడు సెకన్లే చూపిస్తుంది, ఎవరూ నిలబడనట్టే. ఆ జాగాలో, అందరికన్నా ఎక్కువ సేపు నిలబడిన మనిషి ఎంత సేపు నిలబడ్డదో ఆ అంకె పెట్టింది.

శుక్రవారం పొద్దున ఆ అంకె రెండు సెకన్లు. ట్యాంకర్ల లెక్క తేలింది ఎనిమిదీ నలభై ఏడుకు. కేతేపల్లిలో పాలన్నీ ట్యాంకరెక్కాయి.

"ఇరవై ఏడు నిమిషాలు పోయినయి," అన్నాడు శివకుమార్. గోడ మీది కాగితం వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

"పోయినయి సార్. ఇంతకంటే ముందుకు తెస్తే చీటీలు ఆగుతయి."

"సరే. పెద్దోళ్లకు నేనేదో ఒకటి చెప్పుకుంట. గా కృష్ణమ్మ సంగతి కూడ ఇయ్యాల్నే తెంపుదం. పాత మనిషి గద, ఒక్కసారికి మాఫీ అని కార్డు తెరుస్త. ఇగ గీ ముచ్చట వదిలెయ్."

అక్కడికక్కడే పరశురాములుకు ఫోను చేసి చెప్పాడు. పావుగంటకు పరశురాములు తిరిగి చేశాడు, ఫోను కృష్ణమ్మ చేతిలో ఉంది. శివకుమార్ స్పీకరు పెట్టాడు.

"మాఫీ ఎందుకు సారూ? నేను తప్పు చేస్తెగద మాఫీ. కలపలేదని రాసియ్యిర్రి. లేకుంటే నా కార్డు మీకాన్నే ఉండనియ్యిర్రి," అని ఫోను ఇచ్చేసింది.

శివకుమార్ ఫోను వైపు ఒక మనిషి వైపు చూసినట్టు చూశాడు. "చూసినవా? ఇస్తమన్నా వద్దంటది."

యాస్మిన్ గదిలోకి వెళ్లి గంటసేపు కూర్చుని ఒక కాగితం పట్టుకొచ్చింది. మార్పు చేసిన రోజు నుంచి పడిన చుక్కలన్నీ అందులో ఉన్నాయి. పంతొమ్మిది కేంద్రాల్లో అరవై ఒక్క చుక్క, ఆరూ నలభైకీ ఏడూ ఐదుకూ మధ్య. ఆ టైములో చీటీలు ఆలస్యమై ఒకరి కొలత ఇంకొకరికి పడిందని, ఆ అరవై ఒకటీ నమ్మదగినవి కావని, వీళ్లెవరూ నీళ్లు కలిపినట్టు రుజువు లేదని, ఆలస్యానికి కారణమైన మార్పు చేసింది తానేనని రాసి సంతకం పెట్టింది. కింద మేనేజరు సంతకానికి జాగా వదిలింది.

శివకుమార్ రెండుసార్లు చదివాడు.

"ఒక్కామె అడిగితే పంతొమ్మిది కేంద్రాలోళ్లను తెచ్చినవ్."

"మిగిలినోళ్లు అడుగలే సార్. అడుగుడు రాక."

"జూన్‌ల నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉన్నది. యాదుందా?"

"ఉన్నది సార్." ఆయన ముందు పెన్ను పెట్టింది. భయం లేక కాదు, ఇంట్లో తన జీతం మీద ముగ్గురున్నారు. "ఇయ్యాల్టి దాక మీకు తెల్వదు, తప్పు నా ఒక్కదానిదే. గీ కాయితం సదివినంక కూడ సంతకం పెట్టకుంటే, రేపటికెల్లి తెలిసి ఊకున్నట్టయితది. అప్పుడు ఇద్దరిది."

శివకుమార్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆమె వైపు చూడకుండానే సంతకం చేసి కాగితం బల్ల మీద ముందుకు తోశాడు.

"అరవై రెండు కేంద్రాలకు పోవాలె గద ఇది," అన్నాడు.

"పంతొమ్మిదికి చాలు సార్."

"అన్నింటికి పంపు. సగం పంపితే సగం మంది అనుమానపడ్తరు."

*

శనివారం పొద్దున యాస్మిన్ మళ్లీ ఆ రేకుల గది ముందు ఉంది. రమ్మని ఎవరూ అనలేదు. పరశురాములు ముందు రోజు సాయంత్రమే కాగితం లైన్లో చదివి వినిపించాడట, తన తప్పు కూడా తన నోటితోనే చెప్పాడట. చదువుతుంటే బిక్షమ్మ ఏడ్చిందని వజీరా చెప్పింది.

ఆరున్నరకు కృష్ణమ్మ వచ్చింది. ఉతికిన చీర, బూడిదతో తోమిన స్టీలు క్యాన్. వజీరా డబ్బా వెనక క్యాన్ పెట్టడానికి బిక్షమ్మ మాట్లాడకుండా తన క్యాన్ వెనక్కి జరిపింది. కృష్ణమ్మ అందరిలా పెట్టి ఇంటికి పోలేదు. క్యాన్ పక్కనే నిలబడింది.

ఆరూ నలభై ఒకటి. వజీరా చీటీ మీట నొక్కగానే వచ్చింది. పరశురాములు కృష్ణమ్మ క్యాన్‌ను అడుగు నుంచి రెండు కాదు, నాలుగుసార్లు కలిపాడు. కప్పు పెట్టాడు. అంకె వచ్చేవరకు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నంబరు కొట్టాడు. చీటీ చించి ఇవ్వబోయాడు.

"నాకు సదువరాదు. సదువు," అంది కృష్ణమ్మ. ఆమెకు అంకెలు బాగానే వచ్చు.

"ఏడు పాయింట్ రెండు."

"జర గట్టిగ."

"ఏడు పాయింట్ రెండు," అన్నాడు పరశురాములు లైను చివరి దాకా వినిపించేలా.

"నీళ్లు?"

"లెవ్వు."

"మాకెరుకే గద కృష్ణమ్మా, నీ పాలు గట్లాంటియి గావని," అంది వజీరా.

"ఎరుకైతే మొన్ననే అనకపోతివి," అంది కృష్ణమ్మ. కోపంగా అనలేదు. వజీరా నేల చూసింది.

పరశురాములు పాలు పెద్ద క్యాన్‌లో ఒంపాడు. కృష్ణమ్మ ఖాళీ క్యాన్ చంకన పెట్టుకుని, రవిక లోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఉంచుకో. రేపటికెల్లి నేను రాను."

పరశురాములు కార్డు వెనక్కి తోయబోయాడు. యాస్మినే ముందుకొచ్చింది.

"ఎందుకమ్మా? సక్కగ చేసిన కద. ఇగ గట్ల కాదు. నేను రోజు చూస్కుంట."

"నిన్నటి సంది హైవే మీద ఖుద్దూస్ చాయ్ హోటల్ల పోస్తున్న బిడ్డా. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటడు, మంచియి అంటడు, అయిపోతది. నా పాలు నా పాల లెక్కనే ఉంటయి ఆడ."

"మరి ఇయ్యాల ఎందుకు తెచ్చినవ్?"

"నా మీద మాట ఈన్నే పడ్డది. ఈన్నే కడుక్కోవాలె. గీళ్లందరి ముంగట." కొంగు సర్దుకుంది. యాస్మిన్ మొహం చూసి ఏమనిపించిందో, ఒక అడుగు దగ్గరికి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పాలతో తడిసిన చెయ్యి. "నువ్వు మనసు పెట్టి చేసినవ్. కాయితం మీద నీ పేరు రాసుకున్నవట, పరశురాములు చెప్పిండు. గది అందరు చెయ్యరు. నీ మిషన్ సక్కగైంది, నాకెరుకే. అది గీళ్లకు పనికొస్తది. నాకు ఇగ దాని ముందు నిలబడ బుద్ధి అయితలేదు, గంతే."

ఉండమని యాస్మిన్ అడగలేదు. అడగాలని చాలా ఉంది, ఆ వారమంతా ఆమె కష్టపడింది ఈ ఒక్క మనిషి మళ్లీ ఈ లైన్లో నిలబడాలనే. కానీ నిలబడమని అడిగే హక్కు తనకు లేదని తెలిసి నోరు మూసుకుంది. కళ్లు మండాయి. వాటిని తుడుచుకోకుండా, కృష్ణమ్మ వాడకట్టు మలుపు తిరిగే దాకా అలాగే చూస్తూ నిలబడింది.

వెనక పరశురాములు బిక్షమ్మ నంబరు కొట్టాడు. చీటీ అప్పుడే వచ్చేసింది. "ఏడు పాయింట్ సున్నా," అని చదివాడు, ఎవరూ అడగకుండానే. యాస్మిన్ ఫోన్లో టైము చూసి, చిన్న నోటుబుక్కు తీసి, ఒక సెకను అని రాసుకుంది. లైన్లో ఇంకా నలభై గిన్నెలు ఉన్నాయి. ఆఖరి గిన్నె అయ్యేవరకు ఆమె అక్కడే ఉంది.